బరువు ఎత్తొద్దని మాత్రమే చెప్పాం

నర్సింగ్ చదువు ముగించి కొత్తగా వార్డులో అడుగుపెట్టే ఆడపిల్లలు నన్ను కలిస్తే ముందు నరం దొరకబుచ్చుకోవడం గురించి అడుగుతారు. తర్వాత రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమోనన్న భయం గురించి. ఆ రెండూ నెలా రెండు నెలల్లో సర్దుకుంటాయి. రోగి మూట సర్దుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్యోగంలో నేను చూసిన చావుల్లో అన్నిటికన్నా చెడ్డది అక్కడే, ఆ గుమ్మం దగ్గరే మొదలైంది. అందుకే ఇది రాస్తున్నాను.

వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల దవాఖానాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఎప్పుడు హెడ్ నర్సునయ్యానో మీకు అక్కర్లేదు. రోగులు నన్ను సిస్టరమ్మ అనేవాళ్లు. ఇప్పటికీ ఆత్మకూరు సంతలో ఎవరో ఒకరు అలాగే పిలుస్తారు.

ఆ రోజుల్లో ఆడవాళ్ల పొట్టలు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. అప్పటికి వనపర్తి ఇంకా జిల్లా కాలేదు. మా ఆడవాళ్ల వార్డులో ముప్పై నిండని వాళ్లకు కూడా గర్భసంచి ఉండేది కాదు. తెల్లబట్ట అవుతోందని వెళితే తీసేసినవాళ్లు, నడుము నొప్పి అని వెళితే తీసేసినవాళ్లు. "ఉంచితే క్యాన్సర్ అయితదన్నరు" అని ఒకే మాట పది ఊళ్ల నుంచి వినేదాన్ని. ఎవరు అన్నారంటే పేరు చెప్పేవాళ్లు కాదు.

పొట్ట మీద నిలువు కోత. అది లోపల గట్టిపడకముందే మళ్లీ చేలోకి, లేదంటే మేస్త్రీ వెంట బొంబాయికో పూణేకో వెళ్లి తట్ట మోత. కొన్నేళ్లకు ఆ కోత దగ్గర కండ విడిపోయేది. దగ్గినా వంగినా పేగు చర్మం కిందికి ఉబికేది. కాన్పులకు సాగిన చర్మం సంచిలా వేలాడేది. దాని కింద ఎండాకాలం ఒరిసిపోయి పుండ్లు పడేవి. ఆ పొట్టను చీర కుచ్చిళ్లతో ఎత్తి కట్టుకుని పని చేసుకునేవాళ్లు.

మా సర్జన్ ఆ పొట్టలను బాగుచేసేవాడు. విడిపోయిన కండను దగ్గరికి లాగి కుట్టి, దాని మీద వలలాంటి జాలీ పరిచి, వేలాడే చర్మం కోసేసి, అడ్డంగా ఒక పొడవాటి కుట్టు వేసేవాడు. పట్నంలో ఉన్నవాళ్లు అందం కోసం చేయించుకునే పొట్ట బిగింపు ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు. మావాళ్లకు అందం అన్న మాటే తోచేది కాదు, నిలబడి పని చేసుకోగలిగితే చాలు. ఆయనది మంచి చెయ్యి. నేను చూసిన సర్జన్లలో అంత ఓపికగా కుట్టినవాడు ఇంకొకరు లేరు. కానీ కోపం ముక్కు మీదే ఉండేది. రోగితో నాలుగు మాటలు మాట్లాడడం ఆయనకు నాలుగు గంటల ఆపరేషన్ కన్నా కష్టం. ఇంటికి పంపేటప్పుడు చెప్పేవి కూడా కొన్నే: బరువు ఎత్తొద్దు, కారం తగ్గించు, పొట్టకు కట్టిన పట్టీ విప్పొద్దు, కుట్టు తడవనీయొద్దు.

మణెమ్మ

మణెమ్మది వీపనగండ్ల దగ్గర ఒక పల్లె. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లు ఉంటాయి. ఇద్దరు పిల్లలు. ఆమెకూ అదే కోత, అదే పొట్ట. భర్త కుర్మయ్య పూణేలో కట్టడాల పనికి పోయేవాడు. ఈమె ఆపరేషన్ కోసమని పని మానుకుని వచ్చాడు. మగవాళ్లు ఆడవాళ్ల వార్డు వరండాలో బీడీలు కాలుస్తూ కూర్చునే రోజుల్లో ఈయన లోపలికి వచ్చి భార్య తల దువ్వేవాడు. పక్క మంచాల వాళ్లు నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కోత దగ్గర పెట్టిన పైపులు తీసేశాక ఒకరోజు కట్టు మారుస్తుంటే మణెమ్మ తల ఎత్తి తన పొట్ట చూసుకుంది.

"గిది నా కడుపేనా సిస్టరమ్మ?"

"నీదే. ఇంకెవరిది?"

"పెండ్లి అయిన కొత్తల గిట్ల ఉండె" అంది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది. సంతోషం కనబడకూడదని అలా చేసిందని నాకు అర్థమైంది.

ఇంటికి వెళ్లే రోజు సర్జన్ కుర్మయ్యను పిలిచి తన నాలుగు మాటలూ చెప్పాడు. కుర్మయ్య వాటిని ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పి, సరిగ్గా విన్నానా అని అడిగాడు. అంతకన్నా శ్రద్ధగా విన్న భర్తను నేను చూడలేదు.

మూడు వారాలు కాలేదు, అత్త సాయమ్మ మణెమ్మను ఆటోలో వేసుకుని తెచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. పట్టీ విప్పితే పొట్ట ఒకవైపు నల్లగా ఉబ్బి ఉంది. కుట్టు మూల నుంచి కారుతోంది. ఆ వాసన వచ్చాక ఇక పెద్దగా పరీక్షించే పని ఉండదు.

"నిన్న బోరింగుకాడ జారి పడ్డది" అంది సాయమ్మ.

సర్జన్ చేత్తో నొక్కి చూశాడు. "ఇది నిన్నటిది కాదు. లోపల కుట్లు తెగి చాలా రోజులైంది. రక్తం చేరి, చీము పట్టింది" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏం జరిగిందో కనుక్కో సిస్టర్, నాకు చెప్పరు" అని ఆపరేషన్ గది సిద్ధం చేయించడానికి వెళ్లిపోయాడు.

సాయమ్మను బయటికి పంపి తలుపు వేశాను. మణెమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది.

"పడలే కదా నువ్వు" అన్నాను.

"ఆయన పూణే పోయే ముంగటి దినం" అంది. "లోపల పట్టుమని తెగినట్టయింది. అప్పుడు నోరు తెరవలే. తెల్లారి ఆయన బస్సు ఎక్కిండు. నిమ్మకాయంత లేచింది. తగ్గుతది అనుకున్న. పట్టీ ఇంక జర గట్టిగ కట్టుకున్న."

"మీ అత్తకన్న చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె సిస్టరమ్మ? ఏ నోట చెప్పాలె?"

జ్వరం వచ్చాక ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గరికి వెళ్లింది. ఏం జరిగిందో ఆయనకూ చెప్పలేదు. సూది పడిన రోజు జ్వరం దిగేది, మర్నాడు మళ్లీ వచ్చేది. అలా గడిచిన రోజులే ఆమె ప్రాణం తీశాయి. కుట్లు తెగిన మర్నాడే చూసి ఉంటే మళ్లీ కుట్టేవాళ్లం.

వార్డులో అరుపు

చీము తీశారు. జాలీ మొత్తం తీసేయాల్సి వచ్చింది. నేను సర్జన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

ఊళ్లోని ఫోను డబ్బా నుంచి పూణేలో మేస్త్రీకి కబురు పంపారు. కుర్మయ్య రైలు, బస్సు మారి నేరుగా వార్డుకు వచ్చాడు. ఒంటి మీద సిమెంటు బట్టలే ఉన్నాయి. అదే సమయానికి సర్జన్ రౌండ్స్‌లో ఉన్నాడు. ఆత్మకూరు నుంచి వచ్చిన మణెమ్మ అన్నలిద్దరు మంచం పక్కనే నిలబడి ఉన్నారు.

"నువ్వు మనిషివా, పశువువా? పచ్చి కుట్ల మీద పెళ్లాం కావలసి వచ్చిందా? నీ వల్లే ఇదంతా" అని సర్జన్ వార్డు అదిరేలా అరిచాడు. పదహారు మంచాల వాళ్లూ, వాళ్లను చూడడానికి వచ్చినవాళ్లూ అందరూ విన్నారు.

కుర్మయ్య సంచి కింద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"బరువు లేపొద్దంటిరి సార్. బిందె ముట్టనియ్యలే నేను. చిన్నదాన్ని సంకకెత్తుకోనియ్యలే. కారం వద్దంటే ఇంట్ల అందరం సప్పటి కూరలే తిన్నం. నీళ్లు నేనే తెచ్చిన, బట్టలు నేనే ఉతికిన. గిది గూడ చెయ్యొద్దని ఒక్కమాట చెప్పింటే పక్కూర్ల పోయి పండేటోన్ని."

సర్జన్ చేతిలో ఉన్న రోగి కాగితాలు మంచం మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

అన్నలకు సర్జన్ మాట వినబడిందిగాని బావ మాట వినబడలేదు. కుర్మయ్యను వరండా దాటించి, సైకిల్ స్టాండ్ దగ్గర పట్టుకుని కొట్టారు. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదని తర్వాత టీ బండి ఆయన చెప్పాడు. అరుపులు కిటికీలోంచి వార్డులోకి వినబడ్డాయి. మణెమ్మ లేవబోయింది. ఆమెను పట్టుకుని పడుకోబెట్టడం నాకూ సాయమ్మకూ కష్టమైంది.

"మా అన్నలను పిలువుండ్రి" అంది. ఊపిరి అందడం లేదు. "గిప్పుడే పిలువుండ్రి."

వాళ్లు వచ్చారు. వెనక, గుమ్మం దగ్గర, పెదవి చిట్లి కుర్మయ్య నిలబడ్డాడు. మణెమ్మ పెద్దన్న మొహంలోకి చూసింది.

"ఆయన వద్దనే అన్నడు. నేనే పిలిచిన" అంది.

సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దన్న, "చెల్లె, ఊకో" అన్నాడు.

"ఎందుకు ఊకోవాలె? నాలుగైదేండ్ల సంది ఆయన ముంగట నేను చీర మార్వలే. నా కడుపు సూస్తె నాకే రోత. దవాఖాన నుంచి పోయినంక మంచిగనిపిచ్చింది. మల్ల ఏడాది దాంక రాడు గద అని నేనే పిలిచిన. ఆయన మీద చెయ్యెత్తకుండ్రి."

అంతమంది ముందు ఒక ఆడమనిషి ఆ మాట చెప్పడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. చెప్పి కళ్లు మూసుకుంది. కుర్మయ్య లోపలికి వచ్చి మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు.

సాయంత్రానికి మూత్రం ఆగిపోయింది. హైదరాబాద్ పంపాలని నిర్ణయించారు. అంబులెన్స్ వచ్చేలోపు సర్జన్ మళ్లీ వచ్చాడు. ఆ అన్నలు చూస్తుండగానే వరండాలో కుర్మయ్య పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "తప్పు నీది కాదు. చెప్పవలసింది మేము. చెప్పలేదు" అన్నాడు.

కుర్మయ్య ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. "సార్, బతుకుతదా?" అని అడిగాడు.

సర్జన్ తల వంచుకున్నాడు. అంబులెన్స్ తలుపు వేసేదాకా అలాగే కూర్చున్నాడు.

మణెమ్మ హైదరాబాద్‌లో రెండు రోజులు ఉంది. తిరిగొచ్చిన డ్రైవరే మాకు కబురు చెప్పాడు.

మాట వెతుక్కోవడం

ఆ తర్వాత సర్జన్ ఒక పద్ధతి పెట్టాడు. పొట్ట ఆపరేషన్ అయిన ఏ ఆడమనిషినైనా ఇంటికి పంపే ముందు భార్యాభర్తలిద్దరినీ లోపలికి పిలవాలి, తలుపు వేయాలి, చెప్పాలి. మొదటిసారి ఆయనే చెప్పబోయి నీళ్లు నమిలాడు. నా వైపు చూశాడు. ఆ పని నా మీద పడింది.

నాకూ మాట దొరకలేదు. మొదట్లో "కొన్నాళ్లు దూరంగా ఉండండి" అనేదాన్ని. ఒకావిడ అది విని తల్లిగారింటికి వెళ్లిపోయింది. దవాఖాన వాళ్లు నా భార్యను నాకు కాకుండా చేశారని ఆమె మొగుడు వచ్చి గొడవ చేశాడు. ఇంకొకామె వేరే మంచం వేసుకుంది, పగలు మాత్రం దూరం లేదు. దూరం అనే మాట ఎవరి ఇంట్లో ఎలా అర్థమవుతుందో మనకు తెలియదు. చివరికి ఊళ్లో వాళ్లు వాడే మాటే వాడాను: కలువొద్దు. అప్పుడు మొహాలు ఎర్రబడేవి కానీ అర్థం కాకపోవడం ఉండేది కాదు.

మీరూ ఇలాగే చెప్పండి. ఆరు వారాలు కలవకూడదు, జాలీ వేసి కండ కుట్టి ఉంటే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఎన్ని వారాలైనా, డాక్టరు కుట్టు చూసి సరే అన్నాకే. పైన చర్మం మానినట్టు కనబడుతుంది, లోపల కండ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇది మనవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. మొదలుపెట్టాక కూడా భర్త బరువు పొట్ట మీద పడకూడదు, పొట్ట బిగబట్టి లేవకూడదు, పక్కకు తిరిగి పడుకోవడం మేలు. నొప్పి వస్తే అక్కడే ఆపాలి. గర్భసంచి ఉన్నవాళ్లయితే మళ్లీ గర్భం రాకుండా ఏం చేయాలో కూడా అప్పుడే మాట్లాడాలి, ఎందుకంటే గర్భం పెరిగితే ఆ కుట్టిన కండంతా మళ్లీ విడిపోవచ్చు. ఒకవేళ ఆగలేకపోయారు, ఏదో తెగినట్టయింది, వాపు వచ్చింది, జ్వరం వచ్చిందనుకోండి, ఎవరూ తిట్టరు, వెంటనే రండి అని చెప్పండి. ఈ చివరి మాట మర్చిపోతే ముందు చెప్పినవన్నీ దండగ.

"వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు నీకుంది" అని ఆడమనిషికి విడిగా కూడా చెప్పాలి. అందరి మొగుళ్లూ కుర్మయ్యలు కారు. ఒకడు నా ముందే, "నా ఇంట్ల సంగతి నీకేంది?" అన్నాడు. ఆమెను ఇంకో రెండు వారాలు వార్డులోనే ఉంచమని సర్జన్‌ను అడిగాను. ఆయన మారు మాట్లాడకుండా రాసిచ్చాడు.

గద్వాల టీచరమ్మ

కొన్నేళ్ల తర్వాత నేను గద్వాలలో ఉండగా ఒక టీచరమ్మ మా క్వార్టర్‌కు వచ్చింది. హైదరాబాద్‌లో పొట్ట బిగింపు ఆపరేషన్ చేయించుకుంది. ఊళ్లో మాత్రం అపెండిక్స్ అని చెప్పుకుంది. అయి ఏడాది కావొస్తోంది. కుట్టు చూపించింది. చక్కగా మానింది.

"ఇంకేంది మేడం పరేషాన్?" అన్నాను.

"బొడ్డు కింద ముట్టుకుంటే నాకు తెల్వదు. లోపల ఏమో చెడిపోయిందని భయం. ఆయనను దగ్గరికి రానియ్యలేదు ఇన్ని రోజులు. ఆయన ఇప్పుడు అడుగుడే మానేసిండు."

చర్మం ఎత్తి కుట్టినప్పుడు సన్న నరాలు తెగుతాయి, కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది, కొందరికి కొంచెం అలాగే మిగిలిపోతుంది, దానివల్ల హాని లేదు అని చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. చేసిన డాక్టరు ఈ రెండు ముక్కలు చెప్పలేదా అని అడిగితే, "నేను అడగలేదు, ఆయన చెప్పలేదు" అంది. చదువుకున్న మనిషి. అంత పెద్ద ఆసుపత్రి. ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. భర్త వేరే ఊరికి బదిలీ చేయించుకుని ఒక్కడే వెళ్లాడని మాత్రం ఎవరో అన్నారు.

నేను చివరిగా చూసిన డిశ్చార్జి

ఆ దశాబ్దం చివరికి నేను మళ్లీ వనపర్తికి వచ్చాను. సర్జన్ అప్పటికి వెళ్లిపోయాడు. ఆయన పెట్టిన పద్ధతి కూడా ఆయనతోపాటే వెళ్లిపోయింది. ఒకరోజు నేను కాన్పుల వార్డులోకి వెళ్లేసరికి కొత్త నర్సు ఒక పిల్లతల్లికి డిశ్చార్జి జాగ్రత్తలు చెబుతోంది. కడుపు కోసి బిడ్డను తీసిన కేసు. ఆ తల్లికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మొగుడు పక్కనే కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. వాళ్ల వెనక సంచి పట్టుకుని ఉన్నది కుర్మయ్య. జుట్టు బాగా నెరిసింది. ఆ మొగుడు ఆయన తమ్ముడు.

నర్సు స్నానం గురించి చెప్పింది, తిండి గురించి చెప్పింది, బరువు ఎత్తొద్దని చెప్పి కాగితం చేతికిచ్చింది. తమ్ముడు బయల్దేరబోయాడు. కుర్మయ్య కదలలేదు.

"ఇంగోటి చెప్పలే నువ్వు" అన్నాడు నర్సుతో.

"అన్నీ చెప్పిన గద పెద్దాయనా."

"మొగుడు పెండ్లాలు ఎన్నొద్దుల దాంక కలువొద్దో గది చెప్పలే."

పక్క మంచాల్లో ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. తమ్ముడు, "అన్నా, పోదాం పా" అని చెయ్యి పట్టి లాగాడు. నర్సు తల దించుకుని, "అది... బయట చెప్త" అంది.

"ఈన్నే చెప్పు బిడ్డా. అందరు విననీ" అన్నాడు కుర్మయ్య. గొంతు మామూలుగానే ఉంది.

నర్సు నా వైపు చూసింది. నేను చెప్పమన్నట్టు తల ఊపాను. చిన్నగా మొదలుపెట్టి మొత్తం చెప్పింది. కుర్మయ్య విన్నాడు. అయ్యాక మరదలి వైపు చెయ్యి చూపించి, "మల్లోపారి, ఆ పిల్లకు ఇనవడేటట్టు" అన్నాడు. ఈసారి నర్సు మంచం దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పింది.

కుర్మయ్య సంచి భుజానికి తగిలించుకున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. మరదలికి దారి ఇమ్మని వరండాలో ఉన్నవాళ్లకు చెబుతూ, ఆమె ముందు మెల్లగా నడిచాడు.